సోర్స్ కోడ్ దాత

మొన్న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి, ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలోంచి మా సార్ నన్ను చూసి నవ్వుతున్నారు. పైన పెద్దక్షరాలతో ‘అశ్రునివాళి’ అని ఉంది. కింద ‘ప్రముఖ సాఫ్ట్‌వేర్ ఆవిష్కర్త, సోర్స్ కోడ్ దాత’ అని ఉంది. ముఖం ఆయనదే. మెడ కింద ఉన్న నీలం సూటు మాత్రం ఏ ఫొటో స్టూడియో వాళ్ళదో. ఆయన సూటు వేసుకోవడం నేనెన్నడూ చూడలేదు. రెండు పక్కలా వెలుగుతున్న దీపాల బొమ్మలున్నాయి. ఆ దీపాల మీద ఏటవాలుగా, లేత బూడిద రంగులో, ఏదో వెబ్‌సైటు పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది. బొమ్మలు అమ్ముకునేవాళ్ళు, కొనకుండా దింపుకునేవాళ్ళను పట్టించడానికి వేసే ముద్ర అది. ఫ్లెక్సీ వేయించినవాళ్ళు దాన్ని చెరిపే శ్రమ కూడా తీసుకోలేదు.

ఏడుపు రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. పక్కన మల్లెపూలు అమ్ముతున్న ఆవిడ నా వంక అదోలా చూసింది. సార్ పోయారన్న సంగతి నాకు అప్పుడే తెలిసిందని, ఆయన బతికుంటే ఈ ఫ్లెక్సీని చూసి ‘మంచిగొచ్చింది’ అని మెచ్చుకునేవారని ఆవిడకు ఎట్లా చెప్పను?

ఆయన దగ్గర నేను కొన్నేళ్ళు పాఠాలు చెప్పాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ లేని మేడ కోసం వెతకాల్సిందే. అలాంటి సందులో, కింద జిరాక్స్ షాపు, మొదటి అంతస్తులో బ్యాంకు పరీక్షల కోచింగు, ఆ పైన ఆడపిల్లల హాస్టలు, అన్నిటికంటే పైన మా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టిట్యూట్. లిఫ్టు ఉండేది కానీ అది ఎప్పుడూ రిపేరులోనే. పిల్లలు ఆయాసపడుతూ పైకి వస్తే, తలుపు దగ్గర సార్ నిలబడి పలకరించేవారు. మెడలో ఐడీ కార్డు వేలాడుతుండేది. సొంత ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన్ను ఎవరు ఆపుతారని ఆ కార్డో నాకు తెలియదు. పెళ్ళిళ్ళకు కూడా అదే కార్డుతో వెళ్ళేవారని చెప్పుకునేవాళ్ళు. ఒకసారి నాగోల్‌లో ఒక గృహప్రవేశంలో నేను కళ్ళారా చూశాను. పట్టు పంచె, పట్టు కండువా, ఆ కండువా మీద ప్లాస్టిక్ కార్డు.

ఆయన నోట్లో ఎప్పుడూ ఒక మాట ఉండేది: మనదే. ఎవరైనా మంచి వెబ్‌సైటు చూపిస్తే ‘మనదే’ అనేవారు. ఎవరి పాఠాల వీడియో అయినా బాగుంటే ‘మనదే’. ఆయన ‘మనదే’ అన్న మర్నాటికి అది నిజంగానే మాదైపోయేది. మా సర్టిఫికెట్ల మీద గుండ్రటి ముద్ర ఒకటి ఉండేది, చుట్టూ ఏవో విదేశీ అక్షరాలతో. ఏ దేశపు విశ్వవిద్యాలయం ముద్రనో యథాతథంగా దింపారు. ఒక పిల్లవాడు ఆ అక్షరాలకు అర్థమేమిటని అడిగితే, అది సంస్కృతం, పాత లిపి అని చెప్పారు. ఆ అబ్బాయి తలూపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇన్‌స్టిట్యూట్ నోట్సు కథ ఇంకా గొప్పది. ఎవరో బెంగళూరు మాస్టారు రాసుకున్న పాఠాలను కింది షాపులో జిరాక్స్ తీయించి, ప్రతి పేజీ మీద ‘జిరాక్స్ తీయరాదు’ అని రబ్బరు స్టాంపు వేయించేవారు. మా పిల్లలు అదే షాపుకు వెళ్ళి, ఆ స్టాంపుతో సహా జిరాక్స్ తీసుకునేవారు. సార్ మెట్లు దిగి వెళ్ళి షాపతనితో గొడవ పెట్టుకునేవారు. మీకు తీసిన మెషీన్ మీదే వాళ్ళకూ తీస్తున్నానని అతను అంటే, మెషీన్ సంగతి కాదు, నీతి సంగతి మాట్లాడమనేవారు.

ఇలా చెబుతుంటే పిసినారి అనుకుంటారేమో. కాదు. మధ్యాహ్నం అన్నం వేళకు అందరికంటే ముందు ఆయన డబ్బా తెరుచుకునేది. ఇంటి నుంచి తెచ్చిన మామిడికాయ పప్పు ముందు మా ప్లేట్లలో పడ్డాకే ఆయన ప్లేట్లో పడేది. ఊళ్ళ నుంచి వచ్చి కిరాయి గది దొరకని పిల్లలు ల్యాబులో బెంచీల మీద పడుకుంటే ఏమీ అనేవారు కాదు. ఇవ్వడంలో ఆయనకు ఏ బాధా లేదు. ఇచ్చిందెవరో అందరికీ తెలియకపోతేనే బాధ. ల్యాబులో పడుకున్న పిల్లలతో పొద్దున్నే ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవారు.

కొత్త బ్యాచి మొదలైన ప్రతిసారీ ఆయన ఒక కథ చెప్పేవారు. వాళ్ళది పోచంపల్లి దగ్గర నేత పని చేసే ఇల్లు. వాళ్ళ నాన్న ఒక చీర అంచుకు కొత్త చిలుకల వరుస కట్టాడు. నూలుకు ముందే ముడులు వేసి, రంగులద్ది, ఆ ముడులు విప్పి నేస్తే చిలుకలు వరుసగా పడాలి. నెలలు పట్టిందట. ఏడాది తిరక్కుండా ఎక్కడో మిల్లువాళ్ళు అదే అంచును ప్రింటు కొట్టి బజారులో పోశారు. తండ్రి ఆ ప్రింటు చీరను చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, మడిచి పెట్టాడట. “మా నాయిన పేరు ఎక్కడ లేదు. చిలుకలున్నయి, మా నాయిన లేడు,” అని చెబుతుంటే సార్ గొంతు ప్రతి బ్యాచికీ నిజంగానే పూడుకుపోయేది. కళ్ళు తుడుచుకునేవారు. పిల్లలూ తుడుచుకునేవారు. తర్వాత బోర్డు వైపు తిరిగి ఆ రోజు పాఠం మొదలుపెట్టేవారు. చాలాసార్లు ఆ పాఠం ఓపెన్ సోర్స్ గురించే ఉండేది.

“ఓపెన్ సోర్స్ అంటే ఏంది? డోర్ ఓపెన్, సోర్స్ మనది.”

పిల్లలు నవ్వుతూ రాసుకునేవారు. నేను వెనక బెంచీలో కూర్చుని, సార్, దానికి లైసెన్స్ అని ఒకటి ఉంటుంది కదా అని అంటే, అది లాయర్ల సబ్జెక్టు, మన సిలబస్‌లో లేదనేవారు.

ఆ లైసెన్సే మా సార్ జీవితంలోకి ఒక బడి సాఫ్ట్‌వేర్ రూపంలో వచ్చింది. ఇంటర్నెట్‌లో ఎవరో కొందరు కలిసి రాసి పెట్టిన సాఫ్ట్‌వేర్ అది. హాజరు, మార్కులు, బస్సుల రూట్లు, తల్లిదండ్రులకు మెసేజీలు, అన్నీ ఉన్నాయి. ఎవరైనా దింపుకోవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వచ్చు, అమ్ముకోవచ్చు కూడా. షరతులు కొన్నే. రాసినవాళ్ళ పేర్లు తీయకూడదు. ఎవరికి ఇస్తే వాళ్ళకు సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం రాసిన అసలు ప్రతి కూడా ఇవ్వాలి. తీసుకున్నవాళ్ళు మరొకరికి ఇస్తామంటే అడ్డుపడకూడదు. ఇవి ఆ సాఫ్ట్‌వేర్‌లోనే రాసి ఉన్నాయి. దాచిందేమీ లేదు, తెరిస్తే మొదట కనబడేది అదే.

సార్ దాన్ని చూసి ‘మనదే’ అన్నారు.

మార్చే పని మంజులకు అప్పజెప్పారు. మంజులది నల్గొండ వైపు పల్లె. మా దగ్గరే చదువుకుని మా దగ్గరే ఉద్యోగంలో చేరింది. తక్కువ మాట్లాడే పిల్ల, పని మాత్రం చక్కగా చేసేది. ఆ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ప్రోగ్రెస్ కార్డు లేదని గమనించి తనే కూర్చుని రాసింది. ఒత్తులు విరగకుండా, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడకుండా కార్డు అచ్చయిన రోజు ల్యాబంతా చూపించుకుంది. సార్ సాఫ్ట్‌వేర్‌కు తన కూతురి పేరు పెట్టారు. మొదటి తెర మీద ఉన్న పేర్లన్నీ తీసేసి, చేతులు జోడించిన తన ఫొటో పెట్టించారు. ఫొటో కింద ‘దీనిని కాపీ చేయుట నేరం’ అని ఎర్ర అక్షరాలతో వేయించారు. ఒక బడి కంప్యూటర్లలో తప్ప ఇంకోచోట తెరుచుకోకుండా తాళం కూడా పెట్టించారు. పేర్లు తీయకూడదని లైసెన్స్‌లో ఉందని మంజుల మెల్లగా చెప్పింది. లైసెన్స్ చదివింది నువ్వొక్కదానివే, ఇంకెవరూ చదవరులే అని సార్ ధైర్యం చెప్పారు.

తర్వాత స్కూటరు మీద ల్యాప్‌టాప్ సంచి పెట్టుకుని మీర్‌పేట్, మన్సూరాబాద్, నాగోల్ బడులన్నీ తిరిగారు. హెడ్మాస్టర్ల ముందు మొదటి తెర తెరిచి, తన ఫొటో పక్కన తన ముఖం పెట్టి చూపించేవారట. ఇద్దరూ ఒకరేనని నమ్మకం కుదిరాకే మిగతాది చూపించేవారట. బాగానే అమ్మారు.

కొన్నాళ్ళకు మంజుల మా దగ్గర మానేసి మీర్‌పేట్‌లో ఒక బడిలో కంప్యూటర్ టీచర్‌గా చేరింది. సార్ సాఫ్ట్‌వేర్ కొన్న బళ్ళలో అదొకటి. ఆ బడి కరస్పాండెంట్‌కు మన్సూరాబాద్‌లో ఒక చిన్న బడి నడిపే మిత్రుడున్నాడు. ఆయనకూ ఇది పెట్టిపెట్టమని కరస్పాండెంట్ అడిగితే, మంజుల తాను వేసిన తాళం తానే తీసి, అక్కడ పెట్టి వచ్చింది. ఇందులో గుట్టేమీ లేదు. ఎంత గుట్టు లేదంటే, ఆ మన్సూరాబాద్ హెడ్మాస్టరు ప్రోగ్రెస్ కార్డు ప్రింటు సరిగ్గా రావడం లేదని, తెర మీద ఉన్న నంబరు చూసి నేరుగా మా సార్‌కే ఫోన్ చేశాడు. సార్ పాపం అలవాటుగా, ప్రింటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయమని చెప్పి, ప్రింటు వచ్చేదాకా లైన్లోనే ఉండి, ఆ తర్వాత అడిగారు, ఇంతకీ మీదే స్కూలు అని.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు. డబ్బా తెరిచి మాకు పెట్టి, తాను కిటికీ దగ్గర నిలబడ్డారు. ఇంట్లో మనిషి ఇల్లు దోచినట్టుందని అన్నారు. రాత్రింబవళ్ళు తన కష్టమన్నారు. నేను ఆశ్చర్యంగా చూశాను. నటన కాదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నిజమైనవే. ఆ సాఫ్ట్‌వేర్ తానే రాశానని అన్ని బళ్ళలో చెప్పీ చెప్పీ, ఎక్కడో మధ్యదారిలో ఆయనే నమ్మేశారు.

మర్నాడు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి వచ్చారు. మంజుల తన సాఫ్ట్‌వేర్ దొంగిలించిందని.

అదే సమయంలో మంజులకు ప్రభుత్వ గురుకులంలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఇంకా ఆర్డరు చేతికి రాలేదు. పోలీసులు మనిషి నడవడిక విచారించి రాయాల్సిన కాగితం ఒకటి మిగిలి ఉంది. స్టేషన్ నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది, కానీ ఆ కాగితం కోసం కాదు, సార్ ఇచ్చిన ఫిర్యాదు మీద. మంజుల మా ఇంటికి వచ్చి సోఫా అంచున కూర్చుంది. ఏడవలేదు. కేసు ఉంటే ఉద్యోగం పోతుందా మేడమ్ అని మాత్రం అడిగింది. నాకు తెలియదని చెప్పాను. నిజంగానే తెలియదు.

నేను సార్ దగ్గరికి వెళ్ళి కేసు వెనక్కి తీసుకొమ్మని చాలాసేపు చెప్పాను. ఆయన వినలేదు. ఉద్యోగం వేరు, న్యాయం వేరన్నారు. అప్పుడు నేను ఇంటికి వచ్చి, అసలు సాఫ్ట్‌వేర్ పెట్టిన వెబ్‌సైటు తెరిచాను. మేం తీసేసిన పేర్లన్నీ అక్కడ హాయిగా ఉన్నాయి. మొదటి పేరుకు జరిగిందంతా మెయిల్ రాశాను. ఏ దేశంలో ఉంటుందో అనుకున్న మనిషి, ఆటో ఎక్కితే చేరే నాగోల్‌లో ఉంది. కోస్తా వైపు కాలేజీలో లెక్చరర్‌గా చేసి రిటైరై, చెల్లెలి దగ్గర ఉంటోందట. ముందు కేసుల దాకా ఎందుకు, మీ సార్‌తో మాట్లాడి చూస్తానని తనే ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. లిఫ్టు పనిచేయడం లేదు. నెమ్మదిగా మెట్లన్నీ ఎక్కి వచ్చింది.

సార్ చాలా సిద్ధపడి ఉన్నారు. ఉస్మానియా బిస్కెట్లు, టీ, కుర్చీ మీద కొత్త తువ్వాలు. మనిషికి ఏదో ఒకటి కావాలి, అదేమిటో కనుక్కుని ఇచ్చేస్తే సరిపోతుందని ఆయన లెక్క. డబ్బు మాట ఎత్తారు. ఆమె వద్దంది. ఇన్‌స్టిట్యూట్‌కు గౌరవ డైరెక్టర్‌గా ఉండమన్నారు. అదీ వద్దంది. మీరు అమ్ముకోవడం తప్పు కాదు, హాయిగా అమ్ముకోండి, పేర్లు పెట్టండి, కోడ్ ఇవ్వండి, ఎవరికైనా ఇచ్చుకోనివ్వండి, ఆ అమ్మాయి మీద ఫిర్యాదు తీసేయండి అని ఓపిగ్గా చెప్పింది. సార్ ముఖంలో గందరగోళం చూసి నాకే జాలేసింది. ఏమీ అడగని మనిషితో ఎట్లా మాట్లాడాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఏం చేయాలో తోచక, తండ్రి కథ మొదలుపెట్టారు. చిలుకలు, మిల్లు, ప్రింటు చీర అన్నీ చెప్పారు. కళ్ళు తుడుచుకున్నారు.

ఆమె చివరిదాకా విని, “మీ నాన్నగారి పేరేమిటండీ?” అని అడిగింది.

సార్ చెప్పారు. ఆ కథ అన్నిసార్లు విన్నా ఆ పేరు నేను వినడం అదే మొదలు.

“మా అందరికీ కూడా పేర్లున్నాయండీ,” అంది ఆమె.

ఇంతకంటే విడమరిచి ఎవరు చెప్పగలరు? సార్ టీ కప్పు పక్కన పెట్టారు. లేచారు. బీరువా తెరిచారు. అందులోంచి శాలువా తీశారు. మా బీరువాలో శాలువాలు ఎప్పుడూ నిల్వ ఉండేవి, ఎప్పుడు ఎవరు వస్తారో తెలియదని. ఆమె వద్దనేలోపే భుజాల మీద కప్పేశారు. చప్పట్లు కొట్టమని మాకు సైగ చేశారు. ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. మర్నాడు పొద్దున మా మేడ ముందు ఫ్లెక్సీ వెలిసింది: ‘మా సాఫ్ట్‌వేర్‌ను మెచ్చి ఆశీర్వదించిన ప్రముఖ విద్యావేత్తకు సన్మానం’.

ఆ ఫ్లెక్సీని ఫొటో తీసి ఆమెకు పంపాను. ఫోన్ చేసి ముందు చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. శాలువాలో పెట్టి తనను మూట కట్టేశారంది. ఆ అమ్మాయిని స్టేషన్‌కు ఎప్పుడు రమ్మన్నారో చెప్పు, నేనూ వస్తానంది.

స్టేషన్‌లో సబ్ ఇన్‌స్పెక్టర్ చిన్న వయసువాడు. మర్యాదగానే ఉన్నాడు, కానీ ఆ రోజు ఆయన టేబుల్ మీద మా కేసు కంటే బరువైనవి చాలా ఉన్నట్టున్నాయి. సార్ తన ఫొటో ఉన్న మొదటి తెరను రంగుల్లో అచ్చు వేయించి తెచ్చారు. ఫొటో ఉంది కాబట్టి వస్తువు తనదేనని వాదన. ఇన్‌స్పెక్టర్ ఆ కాగితాన్నీ సార్‌నూ మార్చి మార్చి చూసి, మీరేమంటారని లెక్చరర్ మేడమ్‌ను అడిగాడు. ఆమె ఆ సాఫ్ట్‌వేర్ ఎట్లా పుట్టిందో, ఏ షరతు మీద అందరికీ వదిలారో తేలిక మాటల్లో చెప్పింది. ఇన్‌స్పెక్టర్‌కు విసుగు తగ్గి కుతూహలం మొదలైంది.

“అయితే గీయన మీ దాన్ని అమ్ముకున్నడు. గది తప్పు కాదా?”

“కాదండీ. షరతులు పాటిస్తే ఆయనకు అమ్ముకునే హక్కుంది. ఆ బడికి ఇంకొకరికి ఇచ్చుకునే హక్కుంది. ఆపే హక్కు మాత్రం ఎవరికీ లేదు. నాకూ లేదు.”

ఇన్‌స్పెక్టర్ పెన్ను కింద పెట్టాడు. తన సర్వీసులో ఇట్లాంటి ఆస్తి చూడలేదన్నాడు. పేర్లు తీసేసినందుకు మీరు ఈయన మీద ఫిర్యాదు ఇస్తారా అని ఆమెనే అడిగాడు. షరతు తప్పినవాడికి అసలు అనుమతే ఉండదని ఆమె అంతకు ముందే చెప్పింది కాబట్టి, ఆ ప్రశ్నకు సార్ ముఖం పాలిపోయింది. కార్డు తాడును వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టారు. ఆమె సార్ వైపు చూసింది. తర్వాత మంజుల వైపు చూసింది. ఏమన్నా చెప్పాలనుంటే చెప్పమ్మా అంది.

మంజుల అప్పటిదాకా గోడ వైపు చూస్తూ నిలబడింది.

“తెలుగు కార్డు నేను రాసిన సార్,” అంది మా సార్‌తో. “మీ దగ్గర జీతానికున్నప్పుడు రాసిన. అందుకని మీదే అనుకున్న. నాదని ఎన్నడన్న అన్ననా? మరి మీరెందుకు దొంగ అన్నరు?”

సార్ ఇన్‌స్పెక్టర్‌ను తెల్ల కాగితం అడిగి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రాసి సంతకం పెట్టారు. లెక్చరర్ మేడమ్ తన వైపు నుంచి ఏ ఫిర్యాదూ ఇవ్వలేదు. పేర్లు పెట్టడం, కొన్న బళ్ళన్నిటికీ కోడ్ ఇవ్వడం, తాళం తీయడం, ఇవి మాత్రం నెల తిరిగేలోగా కావాలంది. సార్ తలూపారు.

తలూపినప్పుడే ఆయన బుర్రలో ఏదో మెరిసి ఉంటుంది. నాకు ఆహ్వాన పత్రిక చేతికొచ్చిన రోజు తెలిసింది అదేమిటో.

ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు. వేదిక మీద బ్యానరు: ‘సోర్స్ కోడ్ దాన మహోత్సవం’. చట్టం ప్రకారం ఎవరికైతే ఇచ్చి తీరాలో, ఆ హెడ్మాస్టర్లందరినీ వరసగా వేదిక మీదికి పిలిచారు. నగల దుకాణంలో గాజులు పెట్టే ఎర్ర మఖమల్ పెట్టెల్లో పెన్‌డ్రైవ్‌లు పెట్టి, ఒక్కొక్కరికీ రెండు చేతులా అందించారు. కార్పొరేటర్ గారు మాట్లాడుతూ, అన్నదానం చూశాం, రక్తదానం చూశాం, ఇట్లాంటి దానం మన ఏరియాలోనే మొదలైందన్నారు. సార్ కళ్ళు మూసుకుని విన్నారు. మర్నాడు పేపర్ జిల్లా పేజీలో ‘కోడ్ దానం చేసిన దాత’ అని వార్త. ముఖ్య అతిథి కుర్చీలో లెక్చరర్ మేడమ్ మీద ఇంకో శాలువా. ఈసారి ఆమె అడ్డు చెప్పలేదు. పక్కన కూర్చున్న నాతో, కోడ్ వాళ్ళ చేతికి వెళ్ళిందా లేదా, మనకు అంతేగా కావాల్సింది అని గుసగుసగా అంది. నాకైతే ఒళ్ళు మండిపోయింది. చేయాల్సిన పనిని చేసి దాన్ని దానమని పిలిపించుకున్న మనిషికి చప్పట్లు కొట్టడానికి నా చేతులు కలవలేదు.

హాల్లోంచి బయటకు వచ్చాక మంజులా నేనూ ఒక పెన్‌డ్రైవ్ తెరిచి చూశాం. పేర్లన్నీ ఉన్నాయి, సరైన స్పెల్లింగుతో, లైసెన్స్‌తో సహా. సార్ ఫొటో కూడా ఉంది, కాకపోతే ఎర్ర అక్షరాలు పోయాయి. పేర్ల వరస చివర మేం ఎవరం చెప్పకపోయినా, ఎవరూ అడగకపోయినా, ఇంకొక పేరు చేరింది: ‘తెలుగు ప్రోగ్రెస్ కార్డు: నా శిష్యురాలు మంజుల’. మంజుల ఆ ‘నా శిష్యురాలు’ అన్న మాటను చూసి పెదవి విరిచింది. తర్వాత ఫోన్ తీసి ఆ తెరను ఫొటో తీసుకుంది.

ఆమె ఆర్డరు తర్వాతి నెలలో వచ్చింది. గురుకులంలో చేరిపోయింది. బడులు ఒకదానికొకటి ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇచ్చుకున్నాయి. సార్‌కు అమ్మకం పోయింది కానీ, పెట్టించుకోవడానికీ నేర్పించుకోవడానికీ ఆయన్నే పిలిచేవారు. ప్రింటు రాకపోతే ఫోన్లో ఆఖరిదాకా లైన్లో ఉండే మనిషి ఇంకెవరున్నారు? తానే దానం చేయడం వల్ల ఇంత వ్యాప్తి చెందిందని ఆయన అందరికీ చెప్పేవారు. అది ఒక రకంగా నిజం కూడా.

నేను ఆ ఉద్యోగం మానేసిన తర్వాత ఆయన్ను కలిసింది రెండేసార్లు, ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో. మొదటిసారి ఫోన్ చేసి పిలిపించుకున్నారు. మనిషి చిక్కిపోయారు. కూర్చున్నాక ఫోన్లో ఏదో చూపించారు. వేరే నగరంలో ఏదో కంపెనీ మా తెలుగు ప్రోగ్రెస్ కార్డును తీసుకుని, పేర్లన్నీ పీకేసి, తమ బొమ్మ పెట్టుకుని అమ్ముతోంది. సార్ కళ్ళు ఎర్రబడ్డాయి. మంజుల పేరు కూడా తీసేశారని, పిల్ల కష్టపడి రాసిందని, ఇదేం మనుషులని అన్నారు. నేను ఎన్నో అనగలను. టీ తాగుతూ ఆయన ముఖం చూశాను. లైసెన్స్ ఈ కంపెనీకి కూడా వర్తిస్తుంది, మీరు రాస్తే వాళ్ళు పేర్లు పెట్టి తీరాలి అని మాత్రం చెప్పాను. ఆయన నమ్మలేదు. తనలాంటి చిన్నవాడి మాట అంత పెద్ద కంపెనీ వింటుందా అన్నారు. అక్కడే కూర్చుని మెయిల్ రాసి ఆయన పేరుతో పంపాను.

వాళ్ళు విన్నారు. కొద్దిరోజుల్లో పేర్లన్నీ తిరిగి పెట్టి, క్షమించమని రాశారు. సార్ మళ్ళీ ఫోన్ చేసి అదే హోటల్‌కు రమ్మన్నారు. ఈసారి ఆయన అడిగింది విని నా చేతిలో చెంచా ఆగిపోయింది. ఆ లైసెన్స్ మొత్తం చదివి తెలుగులో చెప్పమన్నారు. అన్నేళ్ళు ఓపెన్ సోర్స్ పాఠం చెప్పిన మనిషి దాన్ని ఒక్కసారీ చదవలేదు.

చదివాను. ఒక్కొక్క వాక్యం తెలుగులో చెబుతుంటే ఆయన తలూపుతూ విన్నారు. తీసుకున్నవాడికి ఇచ్చే హక్కు ఉండాలన్న చోట ‘కరెక్టే’ అన్నారు. పేర్లు ఉంచాలన్న చోట ‘మంచి పాయింట్’ అన్నారు. షరతు తప్పినవాడు దిద్దుకుంటే మళ్ళీ అనుమతి వస్తుందన్న చోట సాసర్‌లో బిస్కెట్ ముక్కలు ఏరుకున్నారు. అంతా అయ్యాక వెనక్కి వాలి, ఎంత బాగా రాశారన్నారు. ఇట్లాంటిది మన తెలుగులో ఉండాలన్నారు. కాసేపు ఆలోచించారు. ఆయన మొహంలో పాత వెలుగు వచ్చింది. ఆ వెలుగు నాకు బాగా తెలుసు.

“జర మార్చి, మన ఇన్‌స్టిట్యూట్ పేరు మీద ఏసుకోవచ్చా మేడమ్?”

నేను ఫోన్ ఆయన వైపు తిప్పి, అన్నిటికంటే పైన ఉన్న వాక్యం చూపించాను. ఈ లైసెన్స్ కాగితాన్ని ఎవరైనా ఉన్నదున్నట్టు కాపీ చేసి పంచుకోవచ్చు, మార్చడానికి మాత్రం వీల్లేదు అని ఉంది. దీని కింద ఉన్న సాఫ్ట్‌వేర్ అంతా మార్చుకోవచ్చు కానీ, దీన్నొక్కదాన్ని ముట్టుకోకూడదు సార్ అన్నాను.

ఆయన ఆ వాక్యాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకున్నారు.

“అంటే వాళ్ళకు ముందే తెల్సన్నట్టు,” అన్నారు.

“ఏం తెలుసు సార్?”

“మా అసొంటోళ్ళు ఉంటరని.”